కొత్త బృందానికి పరిచయ ఆటగా ఆన్‌లైన్ జిగ్‌సా పజిల్: ఏ బొమ్మ తీసుకోవాలి, ఎన్ని ముక్కలు చేయాలి?

రుషికొండ_ఉద్యోగిని

అందరికీ నమస్కారం. రుషికొండ ఐటీ కొండల మీదున్న ఒక సంస్థలో పద్నాలుగు మంది బృందం బాధ్యత నాది. వారిలో సగం మంది మధురవాడ, ఎండాడ, కొమ్మాది వైపు నుంచి ఆఫీసుకు వస్తారు. మిగిలినవారు శ్రీకాకుళం, విజయనగరం, హైదరాబాదులలో ఇంటి దగ్గర నుంచే పనిచేస్తారు. వచ్చే నెల కొత్తగా ఐదుగురు చేరబోతున్నారు. వారిలో ఒకరిది బరంపురం, మరొకరిది రాంచీ. ఆ ఇద్దరికీ తెలుగు రాదు.

మా పరిచయ సమావేశాల్లో ఒక్కొక్కరు పేరు, చదువు, సొంత ఊరు చెప్పి మైకు ఆపేసుకుంటారు. ఆ తరువాత నెల గడిచినా, పక్కవారిని చిన్న సందేహం అడగడానికి కూడా మొహమాటపడి నాకే సందేశం పంపుతుంటారు. ఈ బెరుకు పోవాలంటే అందరూ కలిసి ఏదో ఒకటి చేయాలి, అది మాట్లాడుకోకుండా పూర్తికాని పని అయి ఉండాలి అని నా నమ్మకం. అందుకే ఆన్‌లైన్ జిగ్‌సా పజిల్, అంటే ముక్కలు చేసిన బొమ్మను మళ్లీ పేర్చే ఆట, తయారుచేసి ఆడించాలనుకుంటున్నాను. సమావేశంలో దీనికి అరగంటకు మించి సమయం ఇవ్వలేను.

రామకృష్ణా బీచ్‌లో సూర్యోదయం ఫొటో ఒకటి నా దగ్గర చాలా బాగుంది. దాన్నే 100 ముక్కలు చేస్తే సరిపోతుందా? ఏ సైటు వాడాలి, మనుషులను ఎలా విడగొట్టాలి, ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ముక్కల_పెట్టె

ఉద్యోగిని గారూ, ముందుగా బొమ్మ సంగతి చెబుతాను, ఎందుకంటే ఆట నిలిచేదీ పడేదీ అక్కడే. విశాఖలో ఎవరిని అడిగినా మొదట సముద్రం ఫొటోయే తీస్తారు. చూడడానికి అంతకన్నా అందమైనది లేదు, కానీ జిగ్‌సాకు అంతకన్నా కష్టమైనదీ లేదు. మీ సూర్యోదయం ఫొటోలో పై సగం ఆకాశం, కింది సగంలో నీళ్లు, ఇసుక ఉంటాయి కదా; దాన్ని 100 ముక్కలు చేస్తే అందులో డెబ్బై ఎనభై ముక్కలు ఒకదానికొకటి తేడా తెలియని నీలం, నారింజ రంగు ముక్కలవుతాయి. అప్పుడు ఆడేవారు మాట్లాడుకోవడం మానేసి, ప్రతి ముక్కనూ ప్రతి చోటా పెట్టి చూస్తూ కూర్చుంటారు. ఎర్రమట్టి దిబ్బలదీ ఇదే సమస్య, బొర్రా గుహలదీ ఇదే సమస్య. ఎటు చూసినా ఒకే రంగు ఛాయలు కనుక "ఇది ఎక్కడిది?" అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

పరిచయ ఆటకు కావలసిన బొమ్మలో, ఏ ముక్కను చేతిలోకి తీసుకున్నా దాని గురించి నోటితో చెప్పడానికి ఏదో ఒక వస్తువు కనిపించాలి. ఫిషింగ్ హార్బరులో పక్కపక్కన ఆగి ఉన్న మరపడవలను తీసుకోండి. ఒకదాని అంచు పసుపు, ఇంకొకదాని కొమ్ము ఎరుపు, ఒకచోట జెండా, ఒకచోట వలల కుప్ప, ఒకచోట ఐసు పెట్టె. "నా దగ్గర ఆకుపచ్చ పడవ ముందు భాగం ఉంది, మీ దగ్గర దాని వెనక భాగం ఉందా?" అని ఒకరు అడిగితే మరొకరు వెతుకుతారు. పూర్ణా మార్కెట్ పూల దుకాణాలు, ఏటికొప్పాక బొమ్మలు వరుసగా పేర్చిన అర కూడా ఇలాగే పనికొస్తాయి. అంకుడు కర్రను తిప్పి లక్క రంగులు పట్టించిన ఆ బొమ్మల్లో ప్రతిదానికీ వేరే రంగు, వేరే ఆకారం ఉంటాయి; 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు దక్కిందన్న మాట కూడా బరంపురం, రాంచీ నుంచి వచ్చినవారితో సంభాషణకు ఉపయోగపడుతుంది.

ఇక ముక్కల లెక్క. 100 అనేది మీ అరగంటకు చాలా ఎక్కువ. 24 ముక్కల బొమ్మలో, అంటే వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసల్లో, అంచు ముక్కలే 16 ఉంటాయి. తిన్నని అంచు చూసి మూడింట రెండు వంతుల ముక్కల చోటు సుమారుగా పట్టేయవచ్చు. 48 ముక్కలకు వచ్చేసరికి అంచు ముక్కలు 24, అంటే సగం. 96 ముక్కల్లో అవి 36 మాత్రమే. తక్కిన 60 మధ్యలో ఎక్కడివో తెలియదు. పైగా ముక్కలు రెట్టింపయితే వెతుకులాట రెట్టింపుతో ఆగదు. ఏ రెండు ముక్కలు కలుస్తాయో చూడాలంటే 24 ముక్కల్లో 276 జతలు ఉంటాయి, 48లో 1128, 96లో 4560. అంటే ముక్కలు రెట్టింపయిన ప్రతిసారీ జతలు నాలుగింతలకు పైనే అవుతున్నాయి. అందువల్ల ఐదుగురు కూర్చునే ఒక గుంపుకు 24 నుంచి 35 ముక్కల మధ్య ఉంచడం మంచిదని నా అభిప్రాయం. ముక్కలను తిప్పే సదుపాయం ఉంటే దాన్ని తప్పకుండా ఆపేయండి. లేకపోతే ప్రతి ముక్కనూ నాలుగు దిక్కుల్లో పెట్టి చూడవలసి వస్తుంది.

సీతమ్మధార_శిక్షకురాలు

పైన చెప్పిన లెక్కలోనే ఆడించే పద్ధతి కూడా దాగి ఉంది. పందొమ్మిది మందిని ఒకే 96 ముక్కల బొమ్మ ముందు కూర్చోబెట్టకండి. అదే బొమ్మను ముందే నాలుగు పావులుగా కోసి, ఒక్కో పావును 24 ముక్కలు చేసి, నాలుగు గుంపులకు తలా ఒకటి ఇవ్వండి. ఒక్కో గుంపు వెతకవలసిన జతలు 276 మాత్రమే. మొత్తం బొమ్మ ఏమిటో ఎవరికీ తెలియదు. తమ పావు పూర్తయ్యాక అందరూ మళ్లీ ఒక గదిలో కలిసి, తమకు వచ్చినదేమిటో మాటలతో చెప్పుకుంటూ నాలుగింటినీ జతపరచాలి. ఒక గుంపుకు పడవల అడుగు భాగాలూ నీళ్లూ వస్తాయి, మరో గుంపుకు జెండాలూ కొండా వస్తాయి. ఎవరిది పై భాగం, ఎవరిది కుడి పక్క అని తేల్చుకునే ఆ ఐదు నిమిషాలే ఆటకు ప్రాణం.

ఈ ఆలోచన నా సొంతం కాదు. 1971లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరపు బడుల్లో, అంతవరకూ వేర్వేరుగా చదువుకున్న తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే తరగతిలో కలిపినప్పుడు గొడవలు పెరిగాయి. అప్పుడు ఎలియట్ అరాన్సన్ అనే సామాజిక మనస్తత్వవేత్త, ఆయన విద్యార్థులు కలిసి "జిగ్‌సా తరగతి" అనే పద్ధతిని రూపొందించారు. పాఠాన్ని భాగాలు చేసి, గుంపులో ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క భాగమే ఇచ్చేవారు. మిగతా భాగాలు తెలియాలంటే పక్కవాడు చెప్పేది వినక తప్పదు. అంతవరకూ ఎవరూ పట్టించుకోని పిల్లవాడి మాట కూడా అందరికీ అవసరమవుతుంది. ఆఫీసు బృందానికి మనం చేయవలసింది కూడా ఇదే. ప్రతి మనిషి దగ్గరా ఇతరులకు అవసరమైనది ఒకటి ఉండాలి.

గుంపులను మీరే విడగొట్టండి, యంత్రానికి వదలకండి. ప్రతి గుంపులోనూ కనీసం ఒక కొత్తవారు, ఒకరు ఆఫీసులో కూర్చునేవారు, ఒకరు దూరం నుంచి పనిచేసేవారు ఉండేలా చూడండి. తెలుగు రాని ఇద్దరినీ ఒకే గుంపులో వేస్తే వారు తమలో తామే ఉండిపోతారు కనుక వేర్వేరు గుంపుల్లో ఉంచండి.

వన్‌టౌన్_నెట్‌వర్క్

సైట్ల విషయం నేను చెబుతాను. జిగ్‌సా ప్లానెట్‌లో మీ ఫొటోను నేరుగా ఎక్కించి, ముక్కల సంఖ్య, ముక్కల ఆకారం, తిప్పుడు ఉండాలా వద్దా అన్నవి ఎంచుకోవచ్చు. అయితే అక్కడ ఎవరి తెర మీద వారు విడిగా పేర్చుకుంటారు. ఎవరెంత సమయంలో చేశారో పట్టికలో కనిపిస్తుంది. పోటీకి అది చాలు, మీరు కోరే కలయికకు చాలదు. జిగ్‌సా ఎక్స్‌ప్లోరర్‌లో పలువురు ఒకే బొమ్మను ఒకేసారి పేర్చే వీలుంది. ఒకరు ఆట మొదలుపెట్టి, వచ్చిన లంకెను మిగతావారికి పంపితే చాలు. పూర్తి బొమ్మను ముందుగా చూపకుండా దాచే ఎంపిక కూడా అందులో ఉంది, శిక్షకురాలు గారు చెప్పిన పద్ధతికి అది సరిగ్గా సరిపోతుంది. కాకపోతే అక్కడ సొంత బొమ్మతో పజిల్ చేయాలంటే ఆ బొమ్మ అప్పటికే ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండి, దాని చిరునామా మీరు ఇవ్వగలగాలి. అంటే ఆ లంకె దొరికినవారెవరైనా బొమ్మను చూడగలరని గుర్తుంచుకోండి.

చాలా ఆఫీసుల్లో ఆటల సైట్లను నెట్‌వర్క్ అడ్డుకుంటుంది. సమావేశం రోజు ఉదయం కాకుండా ముందే, ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే తెరిచి చూసుకోండి. తెరుచుకోకపోతే సైటు అవసరమే లేని మార్గం ఒకటుంది: గూగుల్ స్లైడ్స్. బొమ్మను చతురస్రపు ముక్కలుగా కోసి, ఒక స్లైడులో చెల్లాచెదురుగా పడేసి, అందరికీ మార్చే అనుమతితో పంచుకోండి. ఎవరు ఏ ముక్కను పట్టుకున్నారో వారి రంగు గీతతో తెర మీదే కనిపిస్తుంది, ఇది పరిచయ ఆటకు చాలా అనుకూలం. పేర్చవలసిన చట్రాన్ని, లేత గడులను స్లైడు మీద కాకుండా థీమ్ లేఅవుట్‌లో, అంటే స్లైడు వెనక ఉండే మూసలో, పెడితే ఎవరి చేయి తగిలినా అది కదలదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. స్లైడ్స్‌లోనే ఫొటోను కాపీ చేసి, క్రాప్ చేసి ముక్కలు తయారుచేయకండి. అలా క్రాప్ చేసిన ముక్క లోపల పూర్తి ఫొటో అలాగే ఉంటుంది. ఎవరైనా దాని మీద రెండుసార్లు నొక్కితే మొత్తం బొమ్మ బయటపడుతుంది. జింప్ అనే ఉచిత ఫొటో సాఫ్ట్‌వేర్‌లో గైడ్ గీతలు వేసి వాటి వెంట కోసే సదుపాయం ఉంది. ఆదేశాలు టైపు చేసి ఫొటోలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ సాఫ్ట్‌వేర్ తెలిసినవారైతే ఒక్క ఆదేశంతో 24 ఫైళ్లు తయారవుతాయి. ఆ ఫైళ్లను ఎక్కిస్తే ముక్కలో ముక్క మాత్రమే ఉంటుంది.

ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే అది కుదించుకుపోయి, ముక్కలు చేశాక మసకగా కనిపిస్తుంది. డాక్యుమెంటుగా పంపించుకోండి.

అక్కయ్యపాలెం_1

నేను కొంత విభేదిస్తాను. పాల్గొన్నవాడిగా నేను చూసింది ఏమిటంటే, ఇలాంటి ఆటల్లో చేయి వేగంగా ఉన్న ఒకరిద్దరు మౌసుతో టకటకా పేర్చేస్తారు, మిగిలిన ముగ్గురూ చూస్తూ ఉంటారు. ఆట అయిపోయిందని చప్పట్లు కొడతారు. మొహమాటస్తుల మొహమాటం ఇంకాస్త పెరుగుతుంది, ఎందుకంటే తమ అవసరం ఎవరికీ లేదని వారికి అందరి ముందూ తెలిసిపోయింది. పైగా ఇంటి నుంచి పనిచేసేవారిలో కొందరు ఆ సమయానికి ఫోనులో ఉంటారు. ఆ చిన్న తెర మీద వేలితో ముక్క పట్టుకుంటే, ఆ వేలి కిందే ముక్క కనపడకుండా పోతుంది. వారిని ల్యాప్‌టాప్ ఉన్నవారితో పోటీ పెట్టడం న్యాయం కాదు.

గడియారం పెట్టి పోటీ నిర్వహించే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దని కూడా నా మనవి.

సీతమ్మధార_శిక్షకురాలు

అక్కయ్యపాలెం గారి మాట నూటికి నూరుపాళ్లూ నిజం, అందుకే పాత్రలు పంచాలి. ప్రతి గుంపులో ఒక్కరికే మౌసు. ఆ ఒక్కరూ తమంతట తాము ఏ ముక్కనూ కదపకూడదు, మిగిలినవారు చెప్పినదే చేయాలి. "కింది వరుసలో ఎడమ నుంచి రెండోది, నీలం గీత ఉన్నది, దాన్ని పై మూలకు తీసుకెళ్లండి" అని మిగతావారు చెబుతారు. చేయి వేగంగా ఉన్న మనిషి ఇక్కడ వినే మనిషిగా మారతాడు. ఫోనులో ఉన్నవారు తెర పంచుకున్నది చూస్తూ చెబితే చాలు, వారు ముక్క పట్టుకోవలసిన పనే లేదు. ఏడెనిమిది నిమిషాలకు ఒకసారి మౌసు చేతులు మారాలి, మొదటి వంతు మాత్రం కొత్తవారికి ఇవ్వండి. కొత్తవారి చేత పని చేయించడానికి పాతవారు వారిని పేరు పెట్టి పిలవక తప్పదు. ఆ పదిసార్లు పిలుపుతోనే పేరు నోటికి అలవాటవుతుంది.

గడియారం వద్దన్న మాటతో కూడా ఏకీభవిస్తున్నాను. సమావేశం ముగియవలసిన సమయం ఒక్కటే చెప్పండి, ఏ గుంపు ముందు ముగించిందో ప్రకటించకండి.

గాజువాక_మాస్టారు

నేను హైస్కూలులో సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ పజిల్ పుట్టిందే మా పాఠం కోసం కనుక రెండు మాటలు చెప్పాలనిపించింది. 1760 ప్రాంతంలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల తయారీదారు, పిల్లలకు భూగోళం నేర్పడానికి పటాన్ని పలుచని చెక్కకు అతికించి, దేశాల సరిహద్దుల వెంట రంపంతో కోసి అమ్మాడు. అట్ట ముక్కల పజిళ్లు అచ్చుతో కోసి చవకగా ఇంటింటికీ చేరింది చాలా తరువాత, 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో.

పటం మీ బృందానికి కూడా పనికొస్తుంది. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది కదా. శ్రీకాకుళం నుంచి ఇక్కడి వరకూ ఉన్న ఉత్తరాంధ్ర పటాన్ని, కావాలంటే పక్కనున్న గంజాం వరకూ కలిపి ముక్కలు చేస్తే, మీ బరంపురం ఉద్యోగికి కూడా తన ఊరు చూపించే ముక్క ఒకటి దొరుకుతుంది. "మా ఊరు ఈ ముక్కలో ఉంది" అని ఎవరో ఒకరు అన్నప్పుడు పటం పక్కన పెట్టి ఊరి గురించి అడుగుతారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియనివారు, ముఖ్యంగా మగవారిలో, ప్రతి బడిలోనూ కనిపిస్తారు. చాలామంది ఆ సంగతి బయటకు చెప్పుకోరు. కేవలం రంగుతోనే తేడా తెలిసే బొమ్మను ఎంచుకుంటే వారు అందరి ముందూ ఇబ్బంది పడతారు. రంగుతో పాటు ఆకారం, గీత, అక్షరం ఏదో ఒకటి ప్రతి ముక్కలోనూ ఉండేలా చూసుకోండి. ఫొటోను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి, అప్పుడు కూడా వస్తువులు విడివిడిగా గుర్తుపట్టగలిగితే ఆ బొమ్మ అందరికీ పనికొస్తుంది.

రుషికొండ_ఉద్యోగిని

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. సూర్యోదయం ఫొటో ఆలోచన విరమించుకున్నాను. హార్బరు ఫొటో నచ్చింది, కానీ శిక్షకురాలు గారు అన్న "ప్రతి మనిషి దగ్గరా ఇతరులకు అవసరమైనది ఒకటి ఉండాలి" అన్న మాట పట్టుకుని మరో ఆలోచన వచ్చింది. ప్రతి ఒక్కరినీ తాము పనిచేసే చోటున్న కిటికీలోంచి ఒక ఫొటో తీసి పంపమంటే ఎలా ఉంటుంది? ఒక గుంపు ఐదుగురి కిటికీలను ఒకే బొమ్మగా పేర్చి, ఆ పజిల్‌ను వేరే గుంపుకు ఇస్తాను. పేర్చడం పూర్తయ్యాక ఏ కిటికీ ఎవరిదో వారు ఊహించి చెప్పాలి, తరువాత ఆ కిటికీ యజమాని మాట్లాడాలి. ఇందులో సాంకేతికంగా ఏమైనా చిక్కు ఉందా?

ముక్కల_పెట్టె

ఆలోచన చాలా బాగుంది, నేను చెప్పిన హార్బరు కన్నా మీ బృందానికి ఇదే తగినది. చిక్కు ఒకటే, దాన్ని ముందే తప్పించుకోవచ్చు.

ఐదు కిటికీలు, ఆరో గడిలో మీ ఆఫీసు బాల్కనీ దృశ్యం అనుకుందాం. వరుసకు మూడు చొప్పున రెండు వరుసలు. దీన్ని 24 ముక్కలు, అంటే వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసలు చేస్తే, కోత గీతలు కొన్ని సరిగ్గా ఫొటోల మధ్య గీతల మీదే పడతాయి. ఒక్కో ఫొటోకు కచ్చితంగా నాలుగు ముక్కలొస్తాయి, ఏ ముక్కలోనూ రెండు ఫొటోలు ఉండవు. అప్పుడు ఆడేవారు ఆరు చిన్న పజిళ్లు విడివిడిగా చేసుకుంటారు. ఈ కిటికీ పక్కన ఏ కిటికీ ఉండాలో చెప్పే ఆధారం బొమ్మలో ఎక్కడా ఉండదు, ముక్క ఆకారాన్ని బట్టి గుడ్డిగా పెట్టుకోవలసిందే.

అందుకని కోత గీతలు ఫొటో గీతలతో కలవని లెక్క తీసుకోండి. వరుసకు ఏడు చొప్పున ఐదు వరుసలు, మొత్తం 35 ముక్కలు. ఏడింటిని మూడుతో, ఐదింటిని రెండుతో సరిగ్గా భాగించలేం కనుక లోపలి గీత ఒక్కటి కూడా కలవదు. ఫొటోల సరిహద్దు మీద ఉన్న ప్రతి ముక్కలోనూ రెండు కిటికీలు, ఒక్కోచోట నాలుగు కూడా కనిపిస్తాయి. ఒక పక్క హైదరాబాదు అపార్టుమెంటు గోడ, మరో పక్క శ్రీకాకుళం కొబ్బరి మట్టలు ఉన్న ముక్క చేతికొస్తే, ఆ రెండు కిటికీలను పేరుస్తున్నవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పదు. మీకు కావలసింది అదే కదా.

ఫొటోలన్నింటినీ ముందుగా చతురస్రాలుగా కత్తిరించండి. అప్పుడు మొత్తం బొమ్మ 3కి 2 నిష్పత్తిలో వస్తుంది, 35 ముక్కలు దాదాపు చదరంగా ఉంటాయి. సైట్లలో అడ్డం, నిలువు లెక్క మీరు ఇచ్చిన సంఖ్యను బట్టి అదే తేల్చుకుంటుంది కనుక, పజిల్ తయారయ్యాక తెరిచి వరుసలు ఒకసారి లెక్కపెట్టుకోండి. నలుగురున్న గుంపుకు ఆఫీసు దృశ్యాలు రెండు పెట్టండి.

వన్‌టౌన్_నెట్‌వర్క్

కిటికీ ఫొటోలంటే ఎవరి ఇల్లు ఎక్కడుందో చెప్పే ఫొటోలు కనుక ఇప్పుడు గోప్యత ముఖ్యమవుతుంది. ఫోనుతో తీసిన ఫొటో ఫైలులో, లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదై ఉంటుంది. అన్నింటినీ ఒక బొమ్మగా కలిపి కొత్త ఫైలుగా భద్రపరిచాక ఫైలు వివరాలు తెరిచి, ఆ సమాచారం మిగల్లేదని నిర్ధారించుకోండి. ఇంటి నంబరు, వాహనాల నంబరు ప్లేట్లు, పక్కింటివారి ముఖాలు కనిపించే ఫొటోలు వద్దని ముందే చెప్పండి. ఈ కారణం చేతనే, మీ విషయంలో బయటి సైటు కన్నా ఆఫీసు ఖాతాలోని స్లైడ్స్ పద్ధతి మేలని నా సలహా. చతురస్రపు ముక్కలకు కొక్కేలు ఉండవు కనుక కాస్త కష్టమవుతుంది, 35 ముక్కలే కనుక ఇబ్బంది లేదు. ఆట అయ్యాక ఫైలును తొలగించవచ్చు కూడా.

మన ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది. నేవల్ డాక్‌యార్డు, స్థావరం పరిసరాల్లో ఇళ్లున్నవారి కిటికీల్లోంచి ఆ ప్రాంతం కనిపించవచ్చు. అలాంటి నిషిద్ధ ప్రాంతాల ఫొటోలు 1923 నాటి అధికార రహస్యాల చట్టం కిందకు వస్తాయి. మీ బృందంలో మల్కాపురం, సింధియా వైపు నుంచి ఎవరైనా ఉంటే, వారిని కిటికీకి బదులు బల్ల మీదున్న వస్తువు ఫొటో పంపమనండి.

భీమిలి_తీరం

చిన్న సూచన. కిటికీ చూపించడం ఇష్టం లేనివారు కూడా ఉంటారు. అందరికీ సొంత గది, మంచి దృశ్యం ఉండవు. ఉమ్మడి గదిలో, వంటింటి మూలలో కూర్చుని పనిచేసేవారు ఆ సంగతి చెప్పుకోలేక ఇబ్బంది పడతారు. కిటికీ గానీ, టీ తాగే కప్పు గానీ, బల్ల మీద రోజూ కనిపించే ఏ వస్తువు గానీ పంపవచ్చని మొదటి సందేశంలోనే రాస్తే, ఎవరూ కారణం చెప్పుకోవలసిన అవసరం ఉండదు.

రుషికొండ_ఉద్యోగిని

ఆట నిన్న జరిగింది. ఇక్కడ సలహాలిచ్చినవారికి ఫలితం చెప్పడం నా ధర్మం.

భీమిలి గారు చెప్పినట్టే రాశాను. కొందరు కప్పులు, ఒకరు తులసి మొక్క, ఒకరు ఇంట్లోని పాత రేడియో పంపారు, మిగిలినవి కిటికీలే. జింప్‌లో కోసి, స్లైడ్స్‌లో నాలుగు గుంపులకు నాలుగు పజిళ్లు పెట్టాను. మౌసు మొదటి వంతు కొత్తవారికిచ్చాను. నాలుగు గదుల్లోకీ వెళ్లి వస్తూ గమనించాను. మొదటి రెండు మూడు నిమిషాలు ఇబ్బందిగానే గడిచాయి, ఎవరూ నోరు విప్పలేదు. తరువాత ఒక గదిలో సరిహద్దు ముక్క ఒకటి అందరినీ ఆపేసింది. దానికి ఒక పక్క ఇనుప గ్రిల్ మూల, మరో పక్క నీలి రేకు. ఆ గ్రిల్‌లో సూర్యకిరణాల్లా విచ్చుకున్న ఊచలు, మధ్యలో చిన్న చక్రం. రాంచీ అమ్మాయి హిందీలో "ఇలాంటి గ్రిల్ మా అమ్మమ్మగారింట్లో ఉండేది" అంది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మా విజయనగరం సహోద్యోగి వచ్చీరాని హిందీలో, ఇవి పాత ఇళ్లకు కొలతలిచ్చి చేయించేవారని, వాళ్ల నాన్నగారికి వెల్డింగ్ షాపు ఉండేదని, ఆ చక్రాన్ని ముందుగా ఎలా వంచుతారో చెప్పడం మొదలుపెట్టాడు. అతనితో మూడేళ్లుగా కలిసి పనిచేస్తున్న మాకెవరికీ ఆ సంగతి తెలియదు. ముక్కను ఎక్కడ పెట్టాలో కూడా అతనే చెప్పాడు, గ్రిల్ కింది అంచు ఎటు ఉంటుందో అతనికి తెలుసు కనుక.

ఒక గుంపు పజిల్ పూర్తికాలేదు, నాలుగైదు ముక్కలు మిగిలాయి. రేడియో ఎవరిదో తెలుసుకోవడంలో పడి పేర్చడం మరిచారు. వారిని నేను తొందరపెట్టలేదు. ఫోనులో చేరిన ఇద్దరూ చెప్పేవారిగా ఉన్నారు, వారికి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఈ ఉదయం బరంపురం ఉద్యోగి తన సందేహాన్ని నాకు కాకుండా, నేరుగా ఆ తులసి మొక్క ఫొటో పంపిన ఆవిడకు పంపాడు.

అక్కయ్యపాలెం_1

సంతోషం. పాత్రలు పంచితే నేను చెప్పిన ఇబ్బంది తీరుతుందని ఒప్పుకుంటున్నాను. ఒక ప్రశ్న: తరువాత ఒక్కొక్కరుగా చేరేవారి సంగతేమిటి? ప్రతి ఒక్కరి కోసం ఇంత పెద్ద ఏర్పాటు మళ్లీ చేయలేరు కదా.

ముక్కల_పెట్టె

చేయనవసరం లేదు. ఒక్కరే చేరినప్పుడు, పాత బొమ్మల్లోంచి ఆఫీసు దృశ్యం ఉన్న గడి తీసేసి అక్కడ ఆ కొత్తవారి ఫొటో పెట్టి, మళ్లీ అదే ఏడు, ఐదు లెక్కన కోయండి. జింప్ ఫైలును గైడ్ గీతలతో సహా భద్రపరుచుకుంటే పావుగంట పని. ఆ గుంపు ఐదుగురూ, కొత్తవారూ కలిసి వారపు సమావేశం మొదట్లో పేర్చుకోవచ్చు. ఐదు ఫొటోలు వారికి తెలిసినవే కనుక త్వరగా అయిపోతాయి, ప్రశ్నలన్నీ ఆరో ఫొటో చుట్టూనే తిరుగుతాయి. కొత్తవారికి మాత్రం మిగతా ఐదూ కొత్తవే కనుక, వారు అడగడానికీ బోలెడు ఉంటుంది. ఫొటో మార్చే ముందు పాతవారి అనుమతి మరోసారి తీసుకోండి.

రుషికొండ_ఉద్యోగిని

అలాగే చేస్తాను. గైడ్ గీతలున్న ఖాళీ జింప్ ఫైలును, ఫొటోలేవీ లేకుండా, ఈ చర్చకు జతచేస్తున్నాను. కావలసినవారు వాడుకోవచ్చు, ఒక్కో గుంపులో ఆరుగురికి మించి ఉంటే వరుసల లెక్క మార్చుకోవడం మరవకండి.